స్పానిష్ పలకరింపులు తెలుగు నోటితోనే: కొత్త బ్యాచ్‌కి మొదటి వారం ఎట్టా చెప్పాలి

నా మొదటి బ్యాచ్‌ని నేనే చెడగొట్టా, ముందు అది చెప్పేస్తా. గుంటూరు బ్రాడీపేటలో ఒక మేడ మీద గది, సాయంత్రం ఆరున్నర, పద్నాలుగు మంది, సగం ఇంటర్ పిల్లలు, సగం ఉద్యోగాలు చేసుకునేవాళ్ళు. లోపలికి వెళ్ళగానే బోర్డు మీద పలకరింపులన్నీ స్పానిష్ స్పెల్లింగ్‌తో వరసగా రాసేసి చదవండమ్మా అన్నా. చదివారు. హోలా, బ్యూనోస్ డయాస్, గ్రేషియస్, మీ లామో. డయాస్ అంటే స్టేజీ కదా మేడం, మీటింగుల్లో పెద్దోళ్ళు కూర్చునేది అన్నాడు ఒక కుర్రాడు, అందరూ నవ్వారు, నేనూ నవ్వా, కానీ ఆ డయాస్ వాళ్ళ నోట్లోంచి పోవడానికి మూడు వారాలు పట్టింది, ఒకరిద్దరికి ఇప్పటికీ పోలేదు.

తప్పు వాళ్ళది కాదు. స్పానిష్ రాసేది ఇంగ్లీష్ అక్షరాల్లాంటి అక్షరాల్లోనే కాబట్టి కంటికి అవి కనపడగానే నోరు ఇంగ్లీష్‌లోకి తిరిగిపోతుంది. మనం చిన్నప్పట్నుంచి కాన్వెంట్లో తినీ తాగీ నేర్చుకున్న అలవాటు అది. కానీ అసలు సంగతేంటంటే తెలుగు నోటికి స్పానిష్ చాలా దగ్గర, ఇంగ్లీష్ కన్నా దగ్గర. వాళ్ళకి అచ్చులు ఐదే, అ ఎ ఇ ఒ ఉ, అన్నీ మన దగ్గరున్నవే. వాళ్ళ త మన త, ట కాదు. వాళ్ళ ద మన ద, డ కాదు. ప, క కూడా ఇంగ్లీష్ వాళ్ళలాగా గాలి ఊదకుండా మనలాగే పొడిగా అంటారు. ఇన్ని చేతిలో పెట్టుకుని ఇంగ్లీష్ మీదుగా తిప్పడం అంటే గుంటూరు నుంచి విజయవాడ వెళ్ళడానికి ఒంగోలు బస్సెక్కినట్టే. అందుకని రెండో బ్యాచ్ నుంచి పద్ధతి మార్చా. మొదటి మూడు రోజులు చెవి, నోరు, అవసరమైతే తెలుగు లిపి. స్పానిష్ స్పెల్లింగ్ నాలుగో రోజు దాకా బోర్డెక్కదు.

క్లాసుకి ముందు తేల్చుకోవాల్సినవి

నేను ఒక్కో క్లాసు 45 నిమిషాలు, మొత్తం ఐదు క్లాసులు అనుకుని చెప్తున్నా. మీకు అరగంటే ఉంటే ఏడెనిమిది రోజులు చేసుకోండి, తొందరేం లేదు.

ముందు ఎన్ని మాటలు చెప్పాలో లెక్క పెట్టుకోండి. పుస్తకాల్లో నలభై ఉంటాయి, వారానికి పది పన్నెండు చాలు. నావి ఇవి: ఓల (హలో), బ్వేనొస్ దీఅస్ (పొద్దున పలకరింపు), బ్వేనస్ తార్దెస్ (మధ్యాహ్నం, సాయంత్రం), బ్వేనస్ నోచెస్ (రాత్రి), మె యామొ (నా పేరు), కోమొ తె యామస్ (నీ పేరేంటి), మూచొ గూస్తొ (కలవడం సంతోషం), కే తాల్ (ఎట్టా ఉన్నావ్), బ్యేన్ గ్రాస్యస్ (బాగున్నా, థ్యాంక్స్), ఇ తూ (మరి నువ్వు), ఆస్త ల్వేగొ (తర్వాత కలుద్దాం), ఆస్త మఞాన (రేపు కలుద్దాం). మూడో రోజు గౌరవంగా మాట్లాడే రూపాలు రెండు కలుస్తాయి. ఇంతే. క్లాసులో ఎవరో ఒకరు సినిమాలో విన్న ఆస్త ల బీస్త అడుగుతారు, చెప్పండి, కానీ రోజువారీ మాటల్లో అది తక్కువని కూడా చెప్పండి.

ఇక్కడ నేను రాసిన పద్ధతి గమనించారా, ఎక్కడ నొక్కి పలకాలో అక్కడ మాత్రమే దీర్ఘం పెట్టా. దీఅస్‌లో దీ, గ్రాస్యస్‌లో గ్రా, మఞానలో ఞా. స్పానిష్‌లో నొక్కు తప్పితే మాటే మారిపోయే సందర్భాలుంటాయి, దాన్ని చూపించడానికి మనకి దీర్ఘం రెడీగా ఉంది. నిజంగా అంత సాగదియ్యక్కర్లేదు, సగం దీర్ఘం అనుకోండి. మన వాళ్ళు ఓలా అని చివర సాగదీస్తారు, క్యాబ్ పేరు అలవాటై. నొక్కు ముందు, ల పొట్టి.

తర్వాత యాస. స్పానిష్ 20 దేశాల్లో అధికార భాష, ఒక్కో చోట ఒక్కోలా ఉంటుంది, మన గుంటూరు, శ్రీకాకుళం, కర్నూలు లాగే. స్పెయిన్‌లో ఎక్కువమంది గ్రాస్యస్‌లో స దగ్గర నాలుక పళ్ళ మధ్య పెట్టి ఇంగ్లీష్ థింక్‌లో మొదటి శబ్దంలా అంటారు, లాటిన్ అమెరికాలో మామూలు స. యామొలో య ని అర్జెంటీనాలో బ్వేనొస్ ఐరెస్ వైపు షామొ అంటారు. ఏదో ఒకటి పట్టుకోండి, మధ్యలో మార్చొద్దు. నేను లాటిన్ అమెరికా స తీసుకున్నా, మన వాళ్ళ నోటికి సుఖం కాబట్టి, ఇంకే కారణం లేదు.

సామాన్లు: పాత పెళ్ళికార్డు అట్టతో చేసిన గడియారం, ఒక మెత్తటి బంతి, పనిచెయ్యని ఫోను ఒకటి. ప్రొజెక్టర్ ఉంటే ఉండనీండి, ఈ వారం ఆన్ చెయ్యక్కర్లేదు.

మొదటి రోజు గుమ్మం దగ్గరే మొదలవ్వాలి

మీరు లోపల కుర్చీలో కాదు, గుమ్మంలో నిలబడండి. ఒక్కొక్కరు వస్తుంటే కళ్ళలోకి చూసి ఓల అనండి, అంతే, అర్థం చెప్పొద్దు. ఎవరికైనా అర్థమైపోతుంది, పైగా ఓలా క్యాబ్ పేరు ఎటూ తెలుసు. వాళ్ళు తిరిగి ఓల అనేదాకా దారివ్వొద్దు. ఒకతను మొహమాటపడి నమస్తే మేడం అని పక్కనుంచి జారుకోబోయాడు, నేనూ పక్కకి జరిగా, మళ్ళీ ఓల అన్నా, వెనక లైను పెరుగుతోంది మెట్ల మీద, చివరికి చిన్నగా వోలా అన్నాడు, లోపలికి పంపించా. ఆ వారం మొత్తం ఇదే గేటు పాసు.

అందరూ కూర్చున్నాక తెలుగులో రెండు నిమిషాలు మాట్లాడండి, మనం ఎట్టా పలకరించుకుంటాం అని. గుడ్ మార్నింగ్ అని తెలుగులో ఉందా అంటే శుభోదయం అంటారు, వాట్సాప్‌లో పువ్వు బొమ్మ కింద తప్ప నోటితో ఎవరన్నా అన్నారా అని అడగండి, ఎవరూ చెయ్యెత్తరు. మనం తిన్నావా అంటాం, ఎటు పోతున్నావ్ అంటాం, ఏంది కబుర్లు అంటాం. పొద్దున, మధ్యాహ్నం, రాత్రి అని వేళని బట్టి పలకరించడం మనకి స్కూల్లో ఇంగ్లీష్‌తో వచ్చిన అలవాటు. స్పానిష్ వాళ్ళు వేళని పట్టించుకుంటారు. ఇది ముందే చెప్తే గడియారం ఆట ఎందుకో వాళ్ళకి తెలుస్తుంది.

నోటి రిపేర్లు

ఇది కొంచెం ఎక్కువ రాస్తా, ఎందుకంటే ఏ పుస్తకంలోనూ ఉండదు, పుస్తకాలు ఇంగ్లీష్ వాళ్ళ కోసం రాసినవి, వాళ్ళ తప్పులు వేరు మన తప్పులు వేరు.

మొదటిది వోలా. మనం ఒకటిని వొకటి అంటాం, ఎక్కడని యెక్కడ అంటాం, మాట ఒ తోనో ఎ తోనో మొదలైతే ముందు చిన్న వ, య వచ్చేస్తుంది, మనకే తెలీకుండా. అందుకే ఓల కాస్తా వోల, ఎస్తాస్ (ఉన్నావు) కాస్తా యెస్తాస్. పెదాలు ముందే గుండ్రంగా పెట్టుకుని, తర్వాత గొంతు తెరవమనండి. వ రావాలంటే పెదాలు కదలాలి, ముందే పెట్టేస్తే ఇక కదలడానికేం ఉండదు.

రెండోది చివర్న ఉ. బస్సు, కారు, గ్లాసు. మనకి మాట హల్లుతో ఆగితే ఏదో వెలితిగా ఉంటుంది, గ్రాస్యసు, దీఅసు అనేస్తారు. స దగ్గర పాము బుస కొట్టినట్టు కాసేపు సాగదీయమనండి, గాలి అయిపోగానే నోరు మూసెయ్యమనండి. పిల్లలకి ఈ పాము భలే నచ్చుతుంది, పెద్దోళ్ళు సిగ్గుపడతారు, పడనీండి.

మూడోది చ. మూచొ గూస్తొ అని తెలుగులో రాసిస్తే మన జిల్లాల వాళ్ళు చొక్కాలో చ లాగా చదువుతారు, పళ్ళ దగ్గర వచ్చే చ. ఇక్కడ కావాల్సింది చీమలో చ. నోచెస్‌తో ఇబ్బంది రాదు, మూచొతోనే వస్తుంది. చీమ, చీర, మూచొ అని వరసగా అనిపించండి, సర్దుకుంటుంది.

నాలుగోది నాకు ఇష్టమైంది, ఞ. చిన్నప్పుడు చ ఛ జ ఝ తర్వాత ఇని అని గబగబా చదివేసి ట ఠ కి దూకేవాళ్ళం గుర్తుందా, జ్ఞ కింద ఒత్తుగా తప్ప ఆ అక్షరం ఎక్కడ పనికొస్తుందో ఎవరూ చెప్పలేదు. ఇదిగో ఇక్కడ పనికొస్తుంది. మఞాన, సెఞోర్ (అయ్యా), సెఞోర (అమ్మా). చాలామంది మన్యాన అంటారు, కొంపలేం మునగవు, కానీ సరిగ్గా రావాలంటే మంచి అనమనండి. మంచి అన్నప్పుడు సున్నా దగ్గర నాలుక మధ్యభాగం అంగిలికి ఆనుతుంది చూడండి, అక్కడే ఆపి, చి అనకుండా ఆ అనమనండి. మ, మఞ్, మఞా, మఞాన. ఒక టెన్త్ పిల్ల మొదటిసారి సరిగ్గా అనేసి, ఇదా మేడం ఇని అంటే అంది. పదేళ్ళ నుంచి దానితో ఒక్క పనీ పడలేదు పాపం.

ర గురించి ఈ వారం గొడవ పెట్టుకోవద్దు. తార్దెస్, గ్రాస్యస్‌లో మన మామూలు ర సరిపోతుంది, నిజానికి ఇంగ్లీష్ వాళ్ళకన్నా మనకే బాగా వస్తుంది. రెండు ర లు కలిసిన గట్టి ర వేరే ఉంది, పాత పుస్తకాల్లో బండి ఱ అనేవాళ్ళే, ఆ బండి కదిలినట్టు నాలుక గిర్రున తిరగాలి. అది రెండో నెల ముచ్చట.

ఇంకోటి సరదాకి. మా అమ్మమ్మ ఇస్కూలు, ఇస్టేషను అనేది, అందరం వెక్కిరించేవాళ్ళం. స్పానిష్ వాళ్ళకి కూడా మాట మొదట్లో స పక్కన ఇంకో హల్లు ఉంటే నోరు తిరగదు, ముందు ఎ తగిలిస్తారు. స్కూలు ఎస్క్వేల, స్టేషను ఎస్తస్యోన్. క్లాసులో ఇది చెప్పండి, ఇంట్లో అమ్మమ్మ ఉన్నవాళ్ళు ఆ మాట ఎప్పటికీ మర్చిపోరు.

రెండో రోజు: అట్ట గడియారం

ముల్లు తిప్పండి, వాళ్ళు పలకరించాలి. ఏడు, బ్వేనొస్ దీఅస్. నాలుగు, బ్వేనస్ తార్దెస్. తొమ్మిది రాత్రి, బ్వేనస్ నోచెస్. పది నిమిషాల్లో వచ్చేస్తుంది, కానీ రెండు చోట్ల ఆగుతారు.

ఒకటి, రాత్రి పూట కలిసినప్పుడు బ్వేనస్ నోచెస్ అనాలంటే ఒప్పుకోరు. మాది సాయంత్రం బ్యాచ్ కదా, డిసెంబర్లో ఆరున్నరకి చీకటి పడిపోతుంది, గుమ్మంలో బ్వేనస్ నోచెస్ అంటే ఒక బ్యాంకు ఉద్యోగి, గుడ్ నైట్ చెప్పి లోపలికి రావడమేంటి మేడం అన్నారు. ఇది కూడా ఇంగ్లీష్ పెట్టిన తంటానే. గుడ్ నైట్ అంటే పడుకోబోయే ముందే, వెళ్ళిపోయేటప్పుడే. బ్వేనస్ నోచెస్ మాత్రం వచ్చినప్పుడూ పనికొస్తుంది, పోయేటప్పుడూ పనికొస్తుంది.

రెండు, మధ్యాహ్నం ఎప్పుడు మొదలు. మనకి పన్నెండు కొట్టగానే గుడ్ ఆఫ్టర్‌నూన్. స్పెయిన్‌లో భోజనం రెండు, మూడు గంటలకి, భోంచేసేదాకా పొద్దున కిందే లెక్క చాలామందికి, అందుకని ఒంటిగంటకి కూడా బ్వేనొస్ దీఅస్ వినపడుతుంది. సాయంత్రం వైపు కూడా అంతే. జూన్‌లో మాడ్రిడ్‌లో పొద్దుగుంకేది రాత్రి 9:45 ప్రాంతంలో, అప్పటిదాకా వెలుతురే కాబట్టి తార్దెస్ సాగుతూనే ఉంటుంది. మనకి జూన్‌లో ఏడు లోపే చీకట్లు. అందుకే గడియారం ఒక్కటే చాలదు, ముల్లుతో పాటు ఊరు కూడా చెప్పండి, గుంటూరులో ఏడున్నర, మాడ్రిడ్‌లో ఏడున్నర అని. క్లాసులో వాదనలు మొదలవుతాయి, అదే కావాలి, వాదించుకుంటూ ఆ మాట ఇరవై సార్లు అంటారు.

బ్వేనొస్ ఎందుకు, బ్వేనస్ ఎందుకు అని ఎవరో ఒకరు అడుగుతారు. దీఅ మగ మాట, తార్దె, నోచె ఆడ మాటలు, హిందీ తెలిసిన వాళ్ళకి అచ్ఛా, అచ్ఛీ లాంటిదే అంటే చాలు. దీఅ చివర అ ఉంది కదా ఆడది కాదా అని మరీ లోతుకెళ్తే, మినహాయింపు అని చెప్పి ముల్లు తిప్పెయ్యండి. ఇంకో చిట్కా, స్పెయిన్‌లో చాలామంది వేళ గొడవ లేకుండా ఒట్టి బ్వేనస్ అనేస్తారు, సందేహం వచ్చినప్పుడు అది వాడుకోమనండి. అర్జెంటీనా వైపు బ్వేన్ దీఅ అని ఏకవచనంలో అంటారు, విన్నప్పుడు తప్పు అనుకోకుండా ఉంటే చాలు.

మూడో రోజు: నువ్వా, మీరా

ఇంగ్లీష్ వాళ్ళకి ఈ పాఠం వారం పడుతుంది, మనకి ఐదు నిమిషాలు. తూ అంటే నువ్వు, ఉస్తేద్ అంటే మీరు. ఉస్తేద్ పుట్టింది బ్వేస్త్ర మెర్సేద్ అనే పాత మాట నుంచి, దాని అర్థం దాదాపు తమ దయ, తమరు లాంటిది. మనం తమరిని వెటకారానికి వాడుకుంటున్నాం, వాళ్ళు దాన్ని అరగదీసి రోజువారీ చేసుకున్నారు. ఎట్టా ఉన్నావ్ అనడానికి తూ అయితే కోమొ ఎస్తాస్, ఉస్తేద్ అయితే కోమొ ఎస్తా, చివర స పోతుంది. పేరు అడిగేటప్పుడు కోమొ తె యామస్, గౌరవంగా అయితే కోమొ సె యామ ఉస్తేద్.

ఆట ఏంటంటే చీటీలు రాయండి: అరండల్‌పేటలో మెస్ ఆంటీ, కాలేజీ ప్రిన్సిపాల్, పక్కింటి బుడ్డోడు, ఆటో డ్రైవర్, కాబోయే మామగారు. చీటీ తీసినవాళ్ళు ఆ మనిషవుతారు, ఎదుటివాళ్ళు తూనో ఉస్తేదో తేల్చుకుని పలకరించాలి. మామగారి చీటీకి మా క్లాసులో ఒకతను లేచి నిలబడి మరీ ఉస్తేద్ అన్నాడు. ఆటో డ్రైవర్ దగ్గర గొడవైంది, సగం తూ, సగం ఉస్తేద్. నేనేమీ తేల్చలేదు. తేల్చేది మీ పెంపకం అన్నా.

కానీ ఒకటి హెచ్చరించాలి. మన కొలత అక్కడ సరిగ్గా కుదరదు. స్పెయిన్‌లో టీచర్లని కూడా పిల్లలు తూ అనేస్తుంటారు, మనకి వింటే చెంప మీద కొట్టినట్టుంటుంది. అదే కొలంబియాలో బొగొతా వైపు ఇంట్లోవాళ్ళని, స్నేహితుల్ని కూడా ఉస్తేద్ అనేవాళ్ళున్నారు. తెలీనప్పుడు ఉస్తేద్‌తో మొదలుపెట్టండి, తూ అనమని వాళ్ళే చెప్తారు. ఒకటికి మించి మనుషులుంటే లాటిన్ అమెరికా అంతా ఉస్తేదెస్, స్పెయిన్‌లో చనువున్న వాళ్ళకి బొసోత్రొస్ అని ఇంకోటుంది, ఈ వారం దాని జోలికి వెళ్ళకండి.

పేర్లు, బంతి

మె యామొ అంటే అక్షరాలా నన్ను నేను పిలుచుకుంటా అని. ఇది ఒకసారి చెప్పి వదిలెయ్యండి, పదాలు విడదీస్తూ కూర్చుంటే నోరు ఆగిపోతుంది. బంతి పట్టుకున్నవాళ్ళు ఓల, మె యామొ ఫలానా, కోమొ తె యామస్ అని ఇంకొకరికి విసరాలి. అందుకున్నవాళ్ళు పేరు చెప్పి మూచొ గూస్తొ అనాలి, మిమ్మల్ని కలవడం సంతోషం అని. దానికి జవాబు ఇగ్వల్మేంతె, నాకూ అంతే.

ఇక్కడ మన తప్పు ఒకటుంది. నా పేరు రవి అనే వాక్యంలో మనకి క్రియ లేదు, అందుకని నోంబ్రె (పేరు) అనే మాట నేర్చుకున్నవాళ్ళు మి నోంబ్రె రవి అని ఆపేస్తారు, మధ్యలో ఎస్ అనే క్రియ ఉండాలి, మి నోంబ్రె ఎస్ రవి. ఇంకొందరు ఆ ఎస్‌ని తెచ్చి మె యామొ ఎస్ రవి అని తగిలిస్తారు, అక్కడ ఉండకూడదు. అందుకే నేను మొదటి వారం మె యామొ ఒక్కటే ఉంచా.

ఎంకంతాదొ కూడా పరిచయానికి వాడతారు, కానీ మగవాళ్ళు ఎంకంతాదొ, ఆడవాళ్ళు ఎంకంతాద, అంటే మాట్లాడేవాళ్ళని బట్టి మారుతుంది. మనకి వచ్చాడు, వచ్చింది అని తేడా ఉన్నా నేను వచ్చాను దగ్గర ఆడా మగా ఒకటే, కాబట్టి తికమక పడతారు. నేను ఎంకంతాద అంటే అబ్బాయిలంతా నన్ను చూసి ఎంకంతాద అన్నారు కోరస్‌గా. మూచొ గూస్తొకి ఈ బాధ లేదు, ముందు అదే చెప్పండి.

ఇంటిపేర్ల ముచ్చట కూడా పెట్టండి టైముంటే. మనకి ఇంటిపేరు ముందు, స్పానిష్ వాళ్ళకి వెనక, అదీ రెండు, మామూలుగా ముందు నాన్నది తర్వాత అమ్మది. ఆడవాళ్ళు పెళ్ళయ్యాక ఇంటిపేరు మార్చుకునే పద్ధతి స్పెయిన్‌లో లేదు. మీ పేరు అట్టా రాసుకోండి అంటే పుట్టింటి ఇంటిపేరు వదిలేసి పదేళ్ళయిన ఒక ఆవిడ రెండూ కలిపి రాసుకుని కాసేపు దాన్నే చూస్తూ కూర్చున్నారు.

కే తాల్ అంటే ఏం చెప్పాలి

పుస్తకం జవాబు బ్యేన్, గ్రాస్యస్, ఇ తూ. బాగున్నా, థ్యాంక్స్, నువ్వు. చెప్పించండి, కానీ అక్కడితో ఆపితే అందరూ రోబోల్లా బ్యేన్ బ్యేన్ అంటుంటారు. మన గుంటూరు మనిషిని బాగున్నావా అంటే బాగున్నా అని ఎప్పుడన్నా అన్నాడా? ఏదో, అట్టా ఉన్నాం అంటాడు. దానికి మాస్ ఒ మేనొస్ ఉంది, అటూ ఇటూగా అని. ఇంకా మంచిది తిరాందొ. తిరార్ అంటే లాగడం, విసరడం అని అర్థాలున్నాయి, బోయ్ తిరాందొ అని స్పెయిన్‌లో అంటే ఏదో లాక్కొస్తున్నా అని. మనమూ అదే అంటాం కదా, ఏదో బండి లాక్కొస్తున్నాం. ఇది చెప్పిన రోజు క్లాసులో పెద్దవాళ్ళంతా బ్యేన్ మానేశారు. పిల్లల పుస్తకాల్లో అసీ అసీ అని ఉంటుంది, అది నిజం మాటల్లో తక్కువ.

మొహం కూడా చూడండి. బ్యేన్ అని నేల చూపులు చూస్తూ అంటే మళ్ళీ అనిపించండి. గొంతు మీదే సగం పాఠం.

వెళ్ళొస్తా

క్లాసు అయిపోయేముందు ఎనిమిది నిమిషాలు దీనికి ఉంచండి, ప్రతిరోజూ. మన ఇళ్ళల్లో వెళ్తాను అంటే ఊరుకోరు, వెళ్ళొస్తాను అనాలి. ఆస్త ల్వేగొ సరిగ్గా ఆ మనసుతో ఉన్న మాటే, తర్వాత కలిసేదాకా అని. ఆస్త మఞాన రేపటిదాకా. నొస్ బేమొస్, మళ్ళీ చూద్దాం, స్పెల్లింగ్‌లో వ ఉన్నా నోటికి బ. అద్యోస్ కూడా చెప్పండి, అది అ, ద్యోస్ అంటే దేవుడికి అనే దాన్నుంచి వచ్చింది. అంటే ఇక కలవం అన్నట్టు అని మన వాళ్ళు అనుకుంటారు, అంత భయం అక్కర్లేదు, మామూలుగానే వాడతారు. స్పెయిన్‌లో అయితే వీధిలో ఆగకుండా ఎదురుపడి దాటిపోతూ కూడా అద్యోస్ అనో ఆస్త ల్వేగొ అనో అనేసి పోతారు, పలకరింపుగానే.

గేటు పాసు బయటికి కూడా పెట్టండి. చెప్పనిదే చెప్పులు దొరకవు. మా గదిలో చెప్పులు మెట్ల మీద విడుస్తారు కాబట్టి నేను మెట్ల దగ్గర నిలబడతా.

చెంపల మీద ముద్దుల సంగతి ఎవరో ఒకరు అడుగుతారు, నవ్వుతూ. స్పెయిన్‌లో పరిచయంలో రెండు చెంపలకీ, లాటిన్ అమెరికాలో చాలా చోట్ల ఒకటే, చెంపకి చెంప ఆనించి గాల్లో చప్పుడు చెయ్యడమే ఎక్కువ. తెలిసి ఉండటం మంచిది, అక్కడికి చదువుకి వెళ్ళే పిల్లలు మొదటిరోజు బిగుసుకుపోకుండా ఉంటారు. క్లాసులో మాత్రం నమస్కారం పెట్టి ఓల అంటే చాలు.

నాలుగో రోజు బోర్డు

ఇప్పుడు రాయండి. మాట నోట్లో ఉంది కాబట్టి కన్ను దాన్ని చెడగొట్టలేదు. ముందు వాళ్ళని ఓల అనమని, తర్వాత రాసి, ముందున్న హెచ్ మీద వేలు పెట్టి, ఇది ఉంది కానీ లేదు అనండి. ఎల్ అక్షరాలు రెండు కలిస్తే య. ఎన్ నెత్తిన అల గీత ఉంటే మన ఇని. అచ్చు మీద చిన్న గీత ఉంటే అక్కడ నొక్కాలి, అంటే ఇన్నాళ్ళూ మనం పెట్టుకున్న దీర్ఘం లాంటిదే, కాకపోతే అన్ని మాటలకీ ఆ గీత రాయరు.

ప్రశ్న ముందు తలకిందులుగా ఒక ప్రశ్న గుర్తు ఉంటుంది, అది చూసి ప్రింటింగ్ తప్పు అనుకున్నారు మా వాళ్ళు. స్పానిష్ అకాడమీ 1713లో మొదలైంది, ఆ తలకిందుల గుర్తులు పెట్టాలని 1754లో చెప్పింది. కారణం చాలా సింపుల్, స్పానిష్‌లో మామూలు వాక్యానికీ ప్రశ్నకీ మాటల వరస చాలాసార్లు ఒకటే, చదివేవాడికి మొదట్లోనే తెలియకపోతే గొంతు ఎక్కడ లేపాలో తెలీదు. మనకి చివర ఆ చేరుతుంది, వచ్చావు, వచ్చావా, కాబట్టి ఆ ఇబ్బంది లేదు. వాళ్ళకి ఆ దీర్ఘం లేదు, గుర్తు పెట్టుకున్నారు.

అరవై మంది క్లాసైతే

విజయవాడలో ఒక స్కూల్లో రెండు రోజులు చెప్పా, గదికి అరవై రెండు మంది. అక్కడ అసలు శత్రువు కోరస్. గుడ్ మాఆఆర్నింగ్ టీచర్ అని రాగం తీసే అలవాటు ఉంది కదా, బ్వేఏనొస్ దీఈఈఅస్ మాఏస్త్ర అని అదే రాగంలోకి పోస్తారు, ఇక నొక్కు లేదు, స లేదు, ఏమీ లేదు. గుసగుసగా చెప్పించండి, గుసగుసలో రాగం రాదు. ఒక వరస అడగాలి, ఎదురు వరస చెప్పాలి. తర్వాత జంటలు, అందరూ ఒకేసారి, రెండు నిమిషాలు. గోలగా ఉంటుంది, పక్క క్లాసు టీచర్ తలుపు దగ్గరకొచ్చి చూస్తారు, ఆవిడకీ ఓల చెప్పించండి.

తప్పు అన్నప్పుడు తప్పు అని ఆపొద్దు. డయాస్ అన్నాడనుకోండి, దీఅస్, బ్వేనొస్ దీఅస్ అని నవ్వుతూ తిరిగి అనండి, వాడు విని మళ్ళీ అంటాడు. మూడోసారి కూడా రాకపోతే వదిలేసి ఇంకొకరి దగ్గరికి వెళ్ళి, రెండు నిమిషాలాగి వాడి దగ్గరికి రండి.

ఐదో రోజు ఫోను

రాత పరీక్ష పెట్టను. పనిచెయ్యని ఫోను టేబుల్ మీద పెట్టి ఒకరు బయట వరండాలోకి వెళ్ళి ఫోన్ చేసినట్టు ట్రింగ్ అంటారు, లోపల ఒకరు ఎత్తాలి. ఎత్తగానే ఏమనాలి అనేది దేశాన్ని బట్టి. మెక్సికోలో బ్వేనొ, స్పెయిన్‌లో దీగ అనో దీగమె అనో, అంటే చెప్పండి అని, పెరూ, కొలంబియా, చిలీల్లో అలో. దేశం నేను చెప్తా, దానికి తగ్గట్టు ఎత్తాలి, వేళ చెప్తా, దానికి తగ్గట్టు పలకరించాలి, అవతల ఎవరో చీటీ చూపిస్తా, తూనో ఉస్తేదో తేల్చుకోవాలి. పేరు, కే తాల్, జవాబు, ఆస్త ల్వేగొ, పెట్టెయ్యాలి. మొత్తం నిమిషంన్నర. ఎక్కడన్నా ఆగితే తెలుగులో కాసేపాగండి అనకుండా పెర్దోన్ (క్షమించండి) అనాలి, అదొక్కటే రూలు.

మొన్నటి బ్యాచ్‌లో మామగారి చీటీకి లేచి నిలబడినతనే ఫోనెత్తాడు, దేశం మెక్సికో, వేళ రాత్రి తొమ్మిది, అవతల మెస్ ఆంటీ. బ్వేనొ అన్నాడు, బ్వేనస్ నోచెస్ సెఞోర అన్నాడు, కోమొ ఎస్తా ఉస్తేద్ అన్నాడు, అన్నీ కరెక్టు. వరండాలోంచి ఆంటీగా చేస్తున్న అమ్మాయి తిరాందొ, ఇ తూ అంది. అతను ఒక్క క్షణం ఆగి ఫోను మీద చెయ్యి అడ్డం పెట్టి, మేడం, ఆంటీ నన్ను నువ్వు అనొచ్చా అని అడిగాడు. అనొచ్చు అన్నా. సరే అని చెయ్యి తీసి, బ్యేన్, గ్రాస్యస్ అన్నాడు.